రహదారి ధనము

జాతీయ రహదారిపై లంకెలపాలెము కూడలివద్ద సముద్రపు దిక్కునకు మరలినచో పరవాడ చేరవచ్చును. అనకాపల్లి జిల్లాలోని యీ మండలమున సింహాద్రి తాపవిద్యుత్కేంద్రమును, జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీయు వెలసినవి. బరువు లారీలును, కార్మికుల బస్సులును, బడిపిల్లల సైకిళ్ళును ఒకే దారిని పంచుకొనవలసివచ్చినది. ఆ దారి చెడినచో బాగుచేయవలసిన వారెవరు? అందులకు ధనమెక్కడిది?

దారులన్నియు చూపునకొక్కటే, యజమానులు మాత్రము వేరు. జాతీయ రహదారి కేంద్రప్రభుత్వముది. రాష్ట్ర రహదారులును, జిల్లా ముఖ్య రహదారులును రోడ్లు, భవనముల శాఖవి. గ్రామములను కలుపు దారులు పెక్కు పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖవి. ఊరిలోని వీధి పంచాయతీది. అర్జీదారుడు కార్యాలయముల చుట్టు తిరిగి యలసిపోవుట చాలవర కిందువలననే.

ఇక ధనము. రహదారుల భారము ప్రాంతీయ ప్రభుత్వములును, స్థానిక సంస్థలును మోయజాలవని 1927లో ఎం. ఆర్. జయకర్ అధ్యక్షతన నేర్పడిన సంఘము తలచి, పెట్రోలుపై అదనపు సుంకము విధింపుమని సలహా యిచ్చెను. దారిని వాడువాడే దారికి చెల్లింపవలెననుట దాని యాశయము. 1929లో కేంద్ర రహదారి నిధి యేర్పడెను. 2000 నాటి చట్టము దానికి శాసనబలము నొసగెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమును 2020లో లీటరు పెట్రోలు, డీజిలుపై ఒక రూపాయి రహదారి సుంకము విధించెను.

సుంకము వసూలైనంతనే దారి పడదు. రాజ్యాంగపు 266వ అధికరణము ననుసరించి రాష్ట్రపు రాబడి సంచితనిధిలో చేరును. శాసనసభ యనుమతి లేక అందుండి రూపాయియైనను తీయరాదు. ఏటేట సభముందుంచు పద్దులలో క్రొత్తదారులకును, మరమ్మతులకును పోటీ యేర్పడును. క్రొత్తదారికి శంకుస్థాపన శిల యుండును. పూడ్చిన గుంటకు శిల యెవరు వేయుదురు? పరవాడవంటి చోట నిది మిక్కిలి హాని చేయును. 1958-60లలో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రమున జరిగిన పరీక్షలలో, ఇరుసుపై బరువు రెట్టింపైనచో దారికి కలుగు నష్టము ఇంచుమించు 16 రెట్లగునని తేలెను. సైకిలు చేయని గాయము లారీ చేయును. గుంటలో పడునది మాత్రము సైకిలే.

పని గుత్తేదారునకిచ్చిన పిదప అసలు కాపలా మొదలగును. ఇంజనీరు పొడవు, వెడల్పు, మందము కొలిచి కొలతల పుస్తకమున వ్రాసినగాని బిల్లు చెల్లదు. అందు మందపు టంకె తప్పుగా వ్రాసినచో సొమ్ము గుత్తేదారునకును, గుంట ఊరివారికిని దక్కును. కావుననే 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజనలో మూడంచెల తనిఖీ నేర్పరచిరి. మొదటి రెండంచెలు రాష్ట్రమువి, మూడవది జాతీయ పరీక్షకులది. దారి వేసిన గుత్తేదారే ఐదేండ్లు దానిని కాపాడవలెను.

ఇంతటితో తీరలేదు. కంప్ట్రోలరు, ఆడిటరు జనరల్ లెక్కలను శోధించి నివేదికను గవర్నరునకు పంపును. అది శాసనసభకు వచ్చును. ప్రజాపద్దుల సంఘము అధికారులను పిలిచి ప్రశ్నించును. కాని యీ శోధన వ్యయము జరిగిన చాలకాలమునకు వచ్చునది. అప్పటికి వానలు దారిని ముందే తనిఖీ చేసియుండును.

అంతకు ముందే యడుగు నధికారము ఊరివారికి కలదు. 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము పౌరుడు కొలతల పుస్తకపు నకలు కోరవచ్చును. జరుగు పనిని చూడవచ్చును. వాడిన సామగ్రి మాదిరిని గూడ ధ్రువీకరించి యిమ్మని యడుగవచ్చును. తమ దారి మందమెంతయని పరవాడ నివాసి యొకడు వ్రాసినచో కార్యాలయము 30 దినములలో బదులీయవలెను.