తాళం మొరాయిస్తే ఏం చేయాలి?



తలుపుకు తాళం వేస్తాం. బీరువాకు తాళం వేస్తాం. పొదుపు సంఘం డబ్బుల పెట్టెకూ తాళం వేస్తాం. తాళాన్ని కొన్ని ఊళ్ళలో బీగం అంటారు. కొన్ని ఊళ్ళలో తాళంకప్ప అంటారు. పేరు ఏదైనా పని ఒకటే.

రోజూ తిరిగే తాళం ఒక్కోరోజు మొరాయిస్తుంది. కూలి పని నుంచి వచ్చేసరికి పొద్దు గూకుతుంది. పిల్లలు ఆకలి అంటారు. తాళంచెవి మాత్రం తిరగదు. అప్పుడు ఏం చేస్తాం? కోపం వచ్చి రాయితో బాదుతాం. తాళం పగులుతుంది. గొళ్ళెం వంగుతుంది. కష్టపడి తెచ్చిన కూలి డబ్బు కొత్త తాళానికి పోతుంది.

బాదనక్కర లేదు. ఇంట్లో ఉన్న చిన్న చిన్న వస్తువులతోనే చాలా తాళాలు బాగవుతాయి. అవి ఏమిటో తెలుసుకుందాం.

తాళం లోపల ఏముంది?

మన ఇళ్ళకు వేసే తాళాల్లో చాలావాటికి లోపల సన్నని రేకులు ఉంటాయి. వాటిని లీవర్లు అంటారు. ఒక్కో రేకును ఒక్కో స్ప్రింగు నొక్కి పడుతుంది. తాళంచెవికి పళ్ళు ఉంటాయి కదా! ఒక్కో పన్ను ఒక్కో రేకును పైకి లేపుతుంది. అన్ని రేకులూ సరైన ఎత్తుకు లేవాలి. అప్పుడే గడియ కదులుతుంది.

ఆరుగురు మనుషులు దారికి అడ్డంగా నిలబడ్డారు అనుకోండి. ఐదుగురు తప్పుకుంటే చాలదు. ఆరో మనిషి కూడా తప్పుకోవాలి. తాళం కూడా అంతే. ఒక్క రేకుకు దుమ్ము పట్టి బిగుసుకున్నా తాళం రాదు.

అలాంటప్పుడు బలంగా తిప్పితే ఏమవుతుంది? రేకు కదలదు. తాళంచెవే విరుగుతుంది. అందుకే బలం చూపవద్దు. ముందు దుమ్ము తీయాలి.

మన ఇంటి పనిముట్లు

1. కొబ్బరి ఈనె: చీపురు నుంచి సన్నని ఈనె తీసుకోండి. తాళం రంధ్రం కిందికి ఉండేలా పట్టుకోండి. ఈనెతో మెల్లగా కదిలించండి. దుమ్ము కిందికి రాలుతుంది. కుమ్మరి పురుగు రంధ్రంలో మట్టి పెడితే అదీ ఇలాగే వస్తుంది. ఈనె విరగకుండా చూసుకోండి.

2. సైకిలు పంపు: పంపు గొట్టం రంధ్రం దగ్గర పెట్టి గాలి కొట్టండి. లోపలి నుసి బయటికి వస్తుంది. కళ్ళు పక్కకు తిప్పుకోండి.

3. పాత పళ్ళ బ్రష్షు: తాళంచెవి పళ్ళ మధ్య మట్టి, పిండి, చెమట జిడ్డు చేరతాయి. బ్రష్షుతో రుద్ది పొడిగుడ్డతో తుడవండి.

4. పెన్సిలు: పిల్లల పెన్సిలు తీసుకోండి. దాని నల్లని ముల్లును తాళంచెవి పళ్ళ మీద బాగా రుద్దండి. తాళంలో పెట్టి నాలుగైదుసార్లు లోపలికీ బయటికీ తీయండి. తర్వాత మెల్లగా తిప్పండి. పెన్సిలు ముల్లులో గ్రాఫైటు ఉంటుంది. అది నున్నగా జారుతుంది. దుమ్మును అంటించుకోదు.

5. కుట్టుమిషను నూనె: వానకు తడిసి తుప్పు పట్టిన తాళానికి ఇది మంచిది. వంపు కడ్డీ దిగే రంధ్రాల్లో ఒక్కో చుక్క వేయండి. కాసేపు ఆగి కదిలించండి. ఒకే తాళానికి పెన్సిలు పొడి, నూనె రెండూ వాడవద్దు. కలిస్తే ముద్ద కడుతుంది.

6. పాత సైకిలు ట్యూబు: బయట వేలాడే తాళానికి ట్యూబు ముక్కతో గొడుగు కట్టవచ్చు. తాళం కన్నా కొంచెం వెడల్పుగా ముక్క కోయండి. పైన చిల్లు చేసి వంపు కడ్డీకి తొడగండి. వాననీళ్ళు రంధ్రంలోకి పోవు.

తాళంచెవి విరిగితే?

"అత్తా! తాళంచెవి సగం లోపలే విరిగిపోయింది!"

"కంగారు పడకు కోడలా. ముక్క కొస బయటికి కనిపిస్తోందా?"

"కొంచెం కనిపిస్తోంది. బంక రాసి అంటించి లాగనా?"

"వద్దే తల్లీ! బంక లోపలికి పోతే తాళం ఇక పనికిరాదు. విరిగేముందు తాళంచెవి ఎంత తిరిగింది?"

"కొంచెం పక్కకు తిరిగింది."

"అయితే అలాగే లాగితే రాదు. పెట్టినప్పుడు ఎలా ఉందో అలా నిలువుగా రావాలి. ముల్లు తీసే పట్టకారుతో కొస పట్టుకో. మెల్లగా వెనక్కి తిప్పు. ఇప్పుడు రంధ్రం కిందికి పెట్టి నిదానంగా లాగు."

"వచ్చింది అత్తా!"

"ఆ రెండు ముక్కలూ దాచు. పారేయకు. ఇంట్లో రెండో తాళంచెవి ఉందిగా. దాన్ని చూపించి కొత్తది చేయిద్దాం."

అత్త మంచి మాట చెప్పింది. అరిగిన తాళంచెవిని చూసి కొత్తది చేస్తే ఆ అరుగు కూడా దిగుతుంది. అందుకే కొన్నప్పుడు వచ్చిన రెండింటిలో ఒకటి వాడకుండా దాచుకోవాలి. కొత్తది అడగడానికి అది పనికివస్తుంది.

ఇవి మరువకండి

గదిలో పసిబిడ్డ చిక్కుకుంటే, పొయ్యి మీద ఏదైనా ఉంటే పెన్సిలు వెతుకుతూ కూర్చోవద్దు. నలుగురినీ పిలవండి. గొళ్ళెం మేకులు పీకండి, లేదా తాళం పగలగొట్టండి. తాళం కన్నా ప్రాణం ఎక్కువ.

మనుషులు లోపల ఉండగా బయట తాళం వేయవద్దు. నిప్పు అంటుకుంటే వాళ్ళు బయటికి రాలేరు. ముసలివాళ్ళు, పిల్లలు ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. రాత్రి లోపల తాళం వేస్తే తాళంచెవి ఎక్కడ ఉందో ఇంట్లో అందరికీ తెలియాలి.

ఈ పని మన తాళానికే చేయాలి. పక్కింటి తాళం మీద చేయి వేయాలంటే ఆ ఇంటివాళ్ళు దగ్గర ఉండాలి.

సంఘం పెట్టె ఒకరి దగ్గర, తాళంచెవి మరొకరి దగ్గర ఉంచండి. అప్పుడు ఎవరి మీదా నింద రాదు. పెట్టె తెరిచిన ప్రతిసారీ డబ్బు లెక్కపెట్టి పుస్తకంలో రాయండి.

కొత్త తాళం కొనేటప్పుడు

ఇప్పుడు మనకు చదవడం వచ్చింది. తాళం మీద రాసింది చదవండి. 5 లీవర్లు, 6 లీవర్లు, 7 లీవర్లు అని ఉంటుంది. లీవర్లు పెరిగితే వేరే తాళంచెవికి రావడం కష్టం. కొట్లోనే రెండు తాళంచెవులతోనూ వేసి, తీసి చూడండి. రసీదు అడిగి తీసుకోండి.

కొన్ని తాళంచెవుల మీద అంకె ఉంటుంది. దాన్ని నోటుపుస్తకంలో రాసుకోండి. బయటివాళ్ళకు చెప్పకండి.

మీకు తెలుసా?

ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్ తాళాలకు పేరుపొందిన ఊరు. తమిళనాడులోని దిండిగల్ తాళాలకూ మంచి పేరు ఉంది. వాటికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఆ ప్రాంతం తాళాలకే చెందుతుంది. అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలో తాళాల తయారీ మొదలుపెట్టారు.

చదివి చెప్పండి

1. తాళం లోపలి రేకులను ఏమంటారు?
2. బలంగా తిప్పితే తాళంచెవి ఎందుకు విరుగుతుంది?
3. పెన్సిలు పొడి, నూనె ఎందుకు కలపకూడదు?
4. సంఘం పెట్టె, తాళంచెవి ఒకరి దగ్గరే ఎందుకు ఉండకూడదు?

చేసి చూడండి

మీ ఇంట్లో ఎన్ని తాళాలు ఉన్నాయి? రెండో తాళంచెవి దేనికి ఉంది? దేనికి లేదు? వరుసగా రాయండి. బిగుసుకున్న తాళం ఒకటి తీసుకుని ఈ వారం బాగుచేయండి. ఏ వస్తువు పనికివచ్చిందో మీ కేంద్రంలో అందరికీ చెప్పండి.