చుక్క కారదు, బండి మాత్రం ఆగిపోతుంది

సందేహం: మాది పాతికేళ్ల నాటి మూడు సిలిండర్ల ట్రాక్టర్. దమ్ములో దింపిన పావుగంటకే గుటకలు వేసి ఆగిపోతోంది. చేతిపంపు కొట్టి గాలి తీస్తే కాసేపు నడుస్తుంది. ఫిల్టర్లు రెండూ మార్చాను. ఎక్కడా డీజిల్ కారడం లేదు. డీజిల్ పంపు విప్పాలంటున్నారు. నిజమేనా?
- ఒక రైతు, మిర్యాలగూడ

సమాధానం: పంపు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ట్యాంకు మూత తీసి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పోతే మూతకున్న సన్న రంధ్రం మట్టితో పూడినట్టే. పిన్నుతో పొడిస్తే సరిపోతుంది.

అది కాకపోతే నా అనుమానమంతా ట్యాంకు నుంచి ఫీడ్ పంపుకు వచ్చే రబ్బరు పైపు మీదే. ఇంజను తిరుగుతున్నంతసేపూ ఫీడ్ పంపు ఆ పైపులోంచి డీజిల్‌ను లాగుతుంది. అందుకే అక్కడ బీట ఉంటే డీజిల్ బయటికి రాకపోయినా గాలి లోపలికి దూరుతుంది. ఫీడ్ పంపు ముందు జానెడు తెల్ల ప్లాస్టిక్ పైపు తగిలించి ఇంజను నడపండి. బుడగలు పరుగెత్తితే దొంగ దొరికినట్టే. ఆ ముక్క పరీక్షకే. వేడికి గట్టిపడి పగులుతుంది, అలాగే ఉంచేయకండి.

కొత్తది వేసేటప్పుడు డీజిల్‌కు తట్టుకునే పైపే, పాతదాని లోపలి సైజుకే అడిగి తీసుకోండి. నీళ్ల పైపు వద్దు. పైకి నిగనిగలాడే పైపును నిలువునా కోసి చూశాను: లోపలి పొర ఉబ్బి, నాలుకలా ఊడి దారికి అడ్డం పడి ఉంది. చేత్తో నొక్కి చూస్తే అది తెలియదు. కట్టుతీగ బదులు స్క్రూ క్లిప్పులు బిగించండి, పైపు సైలెన్సర్‌కు తగలకూడదు. బోల్టు విప్పిన ప్రతిచోటా రాగి వాషర్లు కొత్తవి వేయండి.

తర్వాత ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి, నురగ పోయి నిండు ధార వచ్చేదాకా చేతిపంపు కొట్టండి. ధార పడుతుండగానే బిగించండి. డీజిల్ పంపు స్క్రూ దగ్గరా ఇదే పని.

సందేహం: నాజిల్‌కు వెళ్లే ఇనుప పైపు చెమ్మగిల్లుతోంది. రబ్బరు ముక్క వేయవచ్చా?
- మరో రైతు, తణుకు

సమాధానం: వద్దు. అందులో ఒత్తిడి నూరు బార్లకు పైమాటే. అదే కొలత పైపు కొత్తది వేయించండి. నడుస్తున్న ఇంజను మీద లీకును వేలితో వెతకవద్దు. సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. సూది పోటంత కనిపించినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి, డీజిల్ లోపలికి దిగిందని డాక్టరుకు చెప్పాలి. వెతకడానికి అట్టముక్క చాలు, లీకున్న చోట తడుస్తుంది.