వేసవి దప్పిక – నిమ్మపానకం

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : విజ్ఞాన వ్యాసం

నిత్యజీవితంలో ఇంటింటా జరిగే చిన్న పనులలో సైతం విజ్ఞానసూత్రాలు ఇమిడి ఉంటాయి. గడ్డకట్టించిన పండ్ల ముక్కలతో నిమ్మపానకం తయారుచేయడం అటువంటి పనులలో ఒకటి. ఆ పానకం తయారీవిధానాన్ని, అందులోని ప్రతి దశకూ గల కారణాన్ని, వేసవిలో నీటికి ఉన్న ప్రాణవిలువను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని తెలుగువారి సామెత. రాతిరోలును పగలగొట్టగల ఎండకు మానవదేహం ఎంతటిది? 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు మనదేశంలో రెండువేల మందికి పైగా ప్రజలు మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు చెందినవారే. వడదెబ్బకు ముందుగా గురయ్యేవారు వృద్ధులు, పసిపిల్లలు, ఎండలో పనిచేయక తప్పని శ్రామికులు. కాబట్టి గ్రీష్మర్తువులో దప్పిక తీర్చుకోవడం కేవలం నాలుకకు సంబంధించిన విషయం కాదు. అది ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

మానవదేహ ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. చుట్టూ ఉన్న గాలి అంతకంటె చల్లగా ఉన్నంతవరకు దేహం తనలోని వేడిని గాలికి వదులుతూ ఉంటుంది. గాలి 40 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు దేహానికి మిగిలే ముఖ్య సాధనం చెమట. చర్మంపైకి వచ్చిన చెమట ఆవిరి అవుతూ దేహంలోని వేడిని తనతో తీసుకుపోతుంది. కొత్తకుండలో నీరు చల్లబడటానికీ ఇదే కారణం. మట్టికుండ గోడలలోని సన్నని రంధ్రాలగుండా నీరు పైకి ఊరుతుంది. ఊరిన నీరు ఆవిరి అవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. కుండ చెమర్చినంతకాలమే దానిలోని నీరు చల్లగా ఉంటుంది. మనిషి సంగతీ అంతే. తాగిన నీరు తరిగిపోతే చెమట తగ్గుతుంది. చెమట తగ్గితే దేహం లోలోపల కాగిపోతుంది. సముద్రతీర ప్రాంతాలలో గాలిలోని తేమవల్ల చెమట త్వరగా ఆరదు. ఎండ కొంత తక్కువగా ఉన్నా అక్కడి ఉక్కపోత ప్రమాదకరం కావడానికి ఇదే హేతువు.

చల్లని పానీయం దేహాన్ని చల్లబరిచేది దానిలోని మంచువల్లనే అని చాలామంది భావిస్తారు. చిన్న లెక్క వేసి చూస్తే నిజం తెలుస్తుంది. 100 గ్రాముల మంచు కరగడానికి 8,000 కేలరీల వేడి కావాలి. కరిగిన నీరు దేహ ఉష్ణోగ్రతకు చేరడానికి మరో 3,700 కేలరీలు కావాలి. అంటే ఆ మంచు దేహంనుంచి తీసుకునే వేడి మొత్తం 11,700 కేలరీలు. అదే 100 గ్రాముల నీరు చెమటగా మారి ఆవిరైతే సుమారు 58,000 కేలరీల వేడిని తీసుకుపోతుంది. ఇది మంచు తీసుకున్న వేడికి దాదాపు ఐదు రెట్లు. కాబట్టి పానకంలోని చల్లదనం నోటికి హాయినిస్తుంది. తాగాలన్న కోరికను పెంచుతుంది. దేహాన్ని కాపాడేది మాత్రం అందులోని నీరే.

ఈ సత్యాన్ని తెలుగువారు ఆచారంలో ఏనాడో నిలుపుకున్నారు. ఎండలు ముదిరే వేళకు వచ్చే శ్రీరామనవమినాడు పందిళ్ళలో పానకం, వడపప్పు పంచిపెడతారు. బెల్లం, మిరియాలు, యాలకులు కలిపిన ఆ పానకంలో మంచుగడ్డ లేదు. మంగళగిరి కొండమీద వెలసిన నరసింహస్వామికి పానకమే ప్రధాన నివేదన. పోసిన పానకంలో సగం స్వామి స్వీకరించి, మిగిలిన సగం భక్తులకు వదులుతాడని విశ్వాసం. అందుకే ఆయన పానకాల నరసింహస్వామిగా ప్రసిద్ధికెక్కాడు.

మంచుగడ్డ దక్షిణ భారతంలో సామాన్యునికి అందుబాటులోకి వచ్చింది ఇటీవలి కాలంలోనే. 1833లో అమెరికాలోని బోస్టన్ నగరంనుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు సుమారు 180 టన్నుల మంచును ఓడలో కలకత్తాకు పంపాడు. శీతాకాలంలో గడ్డకట్టిన చెరువులనుంచి కోసిన మంచు అది. నాలుగు నెలల ప్రయాణం ముగిసేసరికి అందులో సుమారు 100 టన్నులు మిగిలింది. తరువాత మద్రాసు సముద్రతీరంలోనూ అటువంటి మంచును దాచేందుకు ఒక భవనం వెలసింది. 'ఐస్‌హౌస్' అని ప్రజలు పిలుచుకున్న ఆ భవనంలోనే 1897లో స్వామి వివేకానంద కొద్దిరోజులు బస చేశారు. మంచును తయారుచేసే యంత్రాలు రావడంతో ఓడల వ్యాపారం అంతరించింది. ఆనాడు ధనవంతులకే దక్కిన మంచు ఈనాడు శీతలయంత్రం ఉన్న ప్రతి ఇంటిలోనూ తయారవుతున్నది.

వేసవి పానీయాలలో నిమ్మకు విశిష్టస్థానం ఉంది. గూడూరు, తెనాలి, ఏలూరు మార్కెట్లనుంచి నిమ్మకాయలు దూరప్రాంతాలకు ఎగుమతి అవుతాయి. నిమ్మరసానికి పులుపునిచ్చేది సిట్రిక్ ఆమ్లం. స్వీడన్ శాస్త్రవేత్త షీలే 1784లో నిమ్మరసంనుంచి దీనిని స్ఫటికాల రూపంలో వేరుచేశాడు. నిమ్మరసంలో సి విటమిన్ కూడా ఉంది. ఈ విటమిన్ పేరైనా తెలియని 1747లోనే జేమ్స్ లిండ్ అనే ఓడవైద్యుడు, చిగుళ్ళనుంచి రక్తం కారే స్కర్వీ వ్యాధితో బాధపడుతున్న నావికులకు నారింజ, నిమ్మపండ్లు ఇచ్చి అవి ఎంత గుణమిస్తాయో గమనించాడు.

ఆరుగురికి సరిపడే పండ్ల నిమ్మపానకానికి కావలసినవి ఇవి : గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు 500 గ్రాములు, రసం నిండిన నిమ్మకాయలు ఐదు, చక్కెర 100 గ్రాములు, ఉప్పు పావుచెంచా, పుదీనా ఆకులు పది, కాచి చల్లార్చిన నీరు 600 మిల్లీలీటర్లు.

ముందుగా పుచ్చకాయను కోయకముందే పైతొక్కను శుభ్రంగా కడగాలి. లేకపోతే తొక్కమీది మురికిని కత్తి లోపలి గుజ్జులోకి చేరవేస్తుంది. గుజ్జును అంగుళం మేర ముక్కలుగా కోసి, స్టీలు పళ్ళెంలో ఒకదానికొకటి తగలకుండా పరచి, శీతలయంత్రంలోని మంచు అరలో ఐదారు గంటలు ఉంచాలి. కుప్పగా పోస్తే ముక్కలన్నీ కలిసి ఒకే బండగా గడ్డకడతాయి. విడిగా పరిస్తే త్వరగా గడ్డకడతాయి. ఎంత త్వరగా గడ్డకడితే లోపలి మంచుపలుకులు అంత సన్నగా ఉంటాయి.

ఈలోగా నీటిలో 100 మిల్లీలీటర్లు వేరుగా తీసి వేడిచేసి, అందులో ఉప్పుచక్కెరలు కరిగించాలి. చన్నీటిలో చక్కెర నెమ్మదిగా కరుగుతుంది. పాకం పూర్తిగా చల్లారిన తరువాతనే నిమ్మరసం కలపాలి. వేడి తగిలితే సి విటమిన్ నశిస్తుంది. నిమ్మ పరిమళమూ ఎగిరిపోతుంది. నిమ్మకాయను అరచేతికింద అదిమి దొర్లించి, అడ్డంగా కోసి, సుతారంగా పిండాలి. తొక్క నలిగేటట్లు పిండినా, గింజలు రసంలో నానినా పానకం చేదెక్కుతుంది. పులుపు ఇత్తడి, రాగి, అల్యూమినియం పాత్రల లోహాన్ని కరిగిస్తుంది. కనుక గాజు, పింగాణి, స్టీలు పాత్రలనే వాడాలి.

చివరగా పాకాన్ని, మిగిలిన నీటిలో సగాన్ని మిక్సీలో పోసి, గడ్డకట్టిన ముక్కలను కొద్దికొద్దిగా వేస్తూ తిప్పాలి. ముక్కలన్నీ ఒకేసారి వేస్తే మిక్సీ ఆగిపోతుంది. తరువాత మిగిలిన నీరు, నలిపిన పుదీనా ఆకులు చేర్చి వెంటనే గ్లాసులలో పోయాలి. పుచ్చకాయకు బదులు బంగినపల్లి మామిడి ముక్కలు వాడితే చక్కెర సగానికి తగ్గించవచ్చు. మధుమేహం ఉన్నవారికి చక్కెర మానివేయడమే కాదు, తీపిపండ్ల పరిమాణాన్నీ తగ్గించాలి. పానకం మిగిలితే వెడల్పాటి పళ్ళెంలో పోసి మంచు అరలో ఉంచి, అరగంటకోసారి చెంచాతో కలియబెట్టాలి. చక్కెర కలిసిన నీరు సున్నా డిగ్రీలకంటె దిగువన గడ్డకడుతుంది. అందువల్ల పానకం రాయిలా బిగుసుకోక పలుకులు పలుకులుగా నిలుస్తుంది. గాజుసీసాలో నిండుగా పోసి గడ్డకట్టించకూడదు. నీరు గడ్డకట్టినప్పుడు సుమారు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది, సీసా పగులుతుంది.

ఈ విధానంలో పండ్ల ముక్కలే మంచుగడ్డల పని చేస్తాయి. అవి కరిగినా పానకం రుచి పలచబడదు. అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం మరొకటి ఉంది. బయటినుంచి మంచు కొని తేవలసిన అవసరం ఉండదు. చేపల నిల్వకోసం తయారైన మంచు తాగే నీటితో చేసినది కాకపోవచ్చు. దానిని గోనెసంచిలో చుట్టి, నేలమీద ఈడ్చి, సుత్తితో పగలగొట్టి పానీయంలో వేస్తే చల్లదనంతోపాటు రోగం కూడా గ్లాసులో చేరుతుంది. గడ్డకట్టినంతమాత్రాన సూక్ష్మజీవులన్నీ చావవు. వాటిలో అనేకం మంచులో నిద్రాణంగా ఉండి, మంచు కరగగానే మేల్కొంటాయి. టైఫాయిడ్, కామెర్లు, అతిసారం వంటి వ్యాధులు కలుషితమైన నీటిద్వారా వ్యాపిస్తాయి. నిమ్మరసం పిండితే నీరు శుద్ధి అవుతుందన్నది కూడా అపోహే. నీటిని తెర్లకాచి చల్లార్చడమే ఇంట్లో అందరికీ సాధ్యమైన మార్గం.

శీతలయంత్రం లేని ఇంటివారు ఈ పానకానికి దూరం కానక్కరలేదు. కాచిన నీటిని శుభ్రమైన కొత్తకుండలో పోసి, గాలి తగిలే నీడపట్టున ఉంచితే చాలు. ఆ నీటిలో నిమ్మరసం, బెల్లం లేదా చక్కెర, చిటికెడు ఉప్పు కలిపి, అప్పుడే కోసిన పండ్ల ముక్కలు వేసుకోవచ్చు. మంచుపలుకుల ముచ్చట ఉండదు. దేహానికి కావలసిన మేలు మాత్రం తక్కువకాదు.

ఏ పానకమైనా అన్ని అవస్థలకూ మందు కాదు. విరేచనాలతో నీరసించినవారికి ఆరోగ్య కేంద్రాలలో లభించే ఓ.ఆర్.ఎస్. ద్రావణం ఇవ్వాలి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ద్రావణంతోనే ఎన్నో ప్రాణాలు నిలిపారు. అది దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చదును చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. కొలత తప్పితే హాని కలుగుతుంది. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతున్న మనిషికి వడదెబ్బ తగిలినట్లు గుర్తించాలి. స్పృహలేనివాని నోట్లో నీరుగాని, పానకంగాని పోయకూడదు. అది ఊపిరితిత్తులలోకి పోయి ప్రాణాపాయం కలిగిస్తుంది. అతనిని నీడకు చేర్చి, ఒంటిని తడిపి, విసురుతూ, ఆలస్యం చేయక 108 వాహనాన్ని పిలవడం అత్యవసరం.

బాటసారుల దప్పిక తీర్చడానికి వేసవిలో చలివేంద్రాలు ఏర్పాటుచేయడం తెలుగునాట తరతరాల సంప్రదాయం. జలదానం మహాదానమని పెద్దలు చెప్పారు. మిట్టమధ్యాహ్నం గడప ముందు చెత్తబండి ఆపిన పారిశుద్ధ్య కార్మికునికి, ఉత్తరం తెచ్చిన తపాలా ఉద్యోగికి, వీధిలో మూటలు మోసే కూలీకి ఇంటివారు అందించే ఒక గ్లాసు నిమ్మపానకం కూడా చలివేంద్రమే. ఇంటిలోనివారు నీడలో కూర్చుని తాగితే అది రుచి. ఎండలో నిలిచినవానికి అందితే అది ప్రాణం.

కఠిన పదాలు – అర్థాలు

గ్రీష్మర్తువు : వేసవికాలం
హేతువు : కారణం
నివేదన : దేవునికి సమర్పించే ఆహారం
బస : తాత్కాలిక నివాసం
వ్యాకోచించు : పరిమాణంలో పెరుగు
నిద్రాణం : నిద్రించిన స్థితి
అపోహ : పొరపాటు అభిప్రాయం
తెర్లకాచు : బుడగలు పైకి లేచేటట్లు మరిగించు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పండ్ల నిమ్మపానకం తయారీవిధానాన్ని, ప్రతి దశకూ గల కారణాన్ని వివరించండి.
2. 'దేహాన్ని కాపాడేది పానకంలోని నీరే' అనే వాక్యాన్ని లెక్కతో సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. మట్టికుండకు, మానవదేహానికి గల పోలిక ఏమిటి?
2. బయట కొన్న మంచును పానీయాలలో వాడటంవల్ల కలిగే ప్రమాదం ఏమిటి?
3. వడదెబ్బ తగిలినవారి విషయంలో చేయవలసినవి, చేయకూడనివి ఏవి?

III. సంధులు
గ్రీష్మర్తువు = గ్రీష్మ + ఋతువు : గుణసంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం : సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం : యణాదేశ సంధి

IV. సమాసాలు
జలదానం : జలము యొక్క దానం – షష్ఠీ తత్పురుష సమాసం
ఉప్పుచక్కెరలు : ఉప్పును, చక్కెరయును – ద్వంద్వ సమాసం
రోహిణి కార్తె : రోహిణి అను పేరుగల కార్తె – సంభావనా పూర్వపద కర్మధారయ సమాసం