సూదిపని – దాని సంతోషము, దాని కూలి

పాఠ్యభాగము: నిర్గమకాండము 35:20–35



ఈ మాసపు పాఠమును చదువుటకు ముందు మీ ఇంటిలోని ఒక బొంతను తీసి, మడత విప్పి చూడుడి. మన వడ్డేపల్లి ప్రాంతమున బొంత లేని ఇల్లు అరుదు. పాత చీరలను పొరలుగా పరచి, అంచులు లోనికి మడిచి, ఈ కొన నుండి ఆ కొన వరకు వరుసగా కుట్టుకొనిపోయిన ఆ కుట్టును చేతితో తడిమి చూడుడి. కుట్టిన అవ్వ కన్నుమూసి ఎన్నేండ్లయినదో. ఆమె సూదిని ఎక్కడ దించి ఎక్కడ లేపినదో ఆ వరుసలో ఇంకను కనబడుచున్నది.

సూదిపని పొద్దుపోని వారి పనియని కొందరందురు. లేఖనము అట్లనుట లేదు. ఇశ్రాయేలీయులు అరణ్యములో ప్రత్యక్షపు గుడారమును కట్టినప్పుడు, యూదా గోత్రికుడైన బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపెనని మోషే ప్రజలకు చెప్పెను. అతనితో కూడ దాను గోత్రికుడైన అహోలీయాబు పేరును చెప్పెను. ఈ అహోలీయాబు నీల ధూమ్ర రక్తవర్ణముల దారముతో బుటాపని చేయువాడు (నిర్గ. 38:23). పనితనమే గాక, దానిని ఇతరులకు నేర్పు బుద్ధియు వారిద్దరికి అనుగ్రహింపబడెను. 25, 26 వచనములను కూడ దాటిపోవద్దు. అక్కడ దారము వడికినవారు స్త్రీలు. వారు జ్ఞానము గలవారని వ్రాయబడియున్నది.

వేదాంత పాఠశాలలో మేము హెబ్రీ అక్షరములతో కుస్తీపట్టిన దినములలో నేర్చినది చాలవరకు మరచితిమి గాని, ఒక మాట మాత్రము మరువలేదు. బుటాపని చేయువానిని ఆ భాషలో ‘రోకేం’ అందురు. తల్లి గర్భములో దేవుడు తన్ను రూపించిన విధమును 139వ కీర్తన 15వ వచనములో చెప్పునప్పుడు కీర్తనకారుడు ఆ ధాతువునే వాడెను. రంగుదారములతో కుట్టినట్లుగా తాను చేయబడితినని అతని భావము. మన తెలుగు బైబిలులో ఆ సూది కనబడదు గాని మూలములో ఉన్నది.

ఈ పనిలోని సంతోషమును చేయువారే ఎరుగుదురు. పగలంతయు సీడు పత్తి చేలలో పూలకు క్రాసింగు చేసి, వ్రేళ్లు కాయలు కాచి వచ్చిన అక్కలు, సాయంకాలము అరుగుమీద కూర్చుండి సూది పట్టుకొనుట మేము చూచుచున్నాము. అలసినవారు మరల పని పట్టుకొనుట ఏలయని ఒకసారి అడిగితిమి. “చేన్ల పని సేటుది అయ్యగారూ, ఇది నాది” అని ఒక అక్క బదులు చెప్పెను. వండిన కూర పూటకు చెల్లును, అలికిన ఇల్లు వానకు చెడును. కుట్టిన పువ్వు నిలుచును. తప్పు కుట్టినను ఊడదీసి మరల కుట్టవచ్చును. చేతులాడుచుండగా నోరును ఆడవచ్చును. స్త్రీల సమాజములో పాటలకంటె కుట్టు దగ్గరనే ఎక్కువ కష్టసుఖములు బయటపడునని మా అనుభవము.

నేతకును సూదికిని పేరుపొందిన సీమలో మనమున్నాము. మన పొరుగుననే రాజోలిలో గద్వాల చీరలు నేయుదురు. నూలు నడిమి భాగమునకు పట్టు అంచును మగ్గము మీదనే పోగుపోగు కలిపి జతచేయుదురు. అది సూదిపని కాకపోయినను, ఆ అతుకును జనులు ‘కుట్టు’ అనియే పిలుతురు. తండాలలోని లంబాడీ తల్లులు అద్దములు, గవ్వలు కూర్చి రవికెలను పావడలను కుట్టుకొందురు. అట్టి పనినే కర్ణాటకములోని సండూరులో లంబాణీ స్త్రీలు సంస్థగా కూడి చేయుచున్నారు. 2023 జూలైలో హంపీయందు 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1,755 వస్తువులు ఒక్కచోట ప్రదర్శింపబడగా అది గిన్నిస్ రికార్డుగా గుర్తింపబడెను.

ఇక మా తప్పొకటి చెప్పవలసియున్నది. మునుపు మేమున్న ఒక సంఘములో ప్రభువు బల్లకు గుడ్డ కావలసి వచ్చెను. ఆ ఊరిలో ఒక విధవరాలు పెండ్లి జాకెట్లకు మగ్గం వర్కు చేసి ఇద్దరు బిడ్డలను పోషించుకొనుచుండెను. మేము గుడ్డయు దారమును తీసికొనిపోయి, “ఇది దేవుని పని, పెద్దమ్మా” అని ఆమె చేతిలో పెట్టితిమి. కూలి మాట ఎత్తలేదు. ఆమె లేదనలేదు. బల్లగుడ్డ అందముగా వచ్చెను. మేము ప్రసంగములో ఆమెను పొగడితిమి కూడ. తరువాతి రెండు ఆదివారములు ఆమె గుడికి రాలేదు. ఇంటికి పోయి అడుగగా, మా గుడ్డ కుట్టుచుండినందున ఒప్పుకొన్న జాకెట్లు వేళకు ఇయ్యలేకపోయితిననియు, ఆ బేరము పోయినదనియు చెప్పెను. “కుట్టుడంటె నాకు పానమే అయ్యగారూ. పానమైన పనికి కూలి ఉండొద్దా?” అని అడిగెను. మా యొద్ద జవాబు లేకపోయెను.

ఆ రాత్రి ఈ పాఠ్యభాగమునే మరల చదివితిమి. గుడారమునకు తెచ్చినవారు తమ హృదయము ప్రేరేపింపగా తెచ్చిరి (35:21, 29). చాలునని మోషే ఆపవలసి వచ్చెను (36:6). ఆమె హృదయము ప్రేరేపించినదో లేదో మేము అడుగనేలేదు. ఒకరు మనసారా ఇచ్చినది కానుక. మొగమాటమున కాదనలేనివారి చేత చేయించుకొన్నది కానుక కాదు. పొరుగువానిచేత కూలి లేక పని చేయించుకొనువానిని గూర్చి యిర్మీయా 22:13 ఏమనుచున్నదో మీరే చూడుడి. పెద్దలతో మాట్లాడి కూలి చెల్లించితిమి. ఆమె లెక్కపెట్టి తీసికొని, వచ్చిన ఆదివారము అందులో దశమభాగమును పళ్లెములో వేసెను. మేము తల ఎత్తలేకపోతిమి.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. పశ్చిమ గోదావరిలోని నర్సాపురము లేసు మీరు వినియుందురు. అది సూదితో గాక క్రోషా కొక్కెముతో అల్లునది. 19వ శతాబ్దములో మిషనెరీలు బీద క్రైస్తవ స్త్రీలకు నేర్పగా వ్యాపించినది. మరియా మీస్ అను జర్మను దేశపు పండితురాలు అక్కడి స్త్రీలను గూర్చి వ్రాసిన పుస్తకము 1982లో వెలువడెను. లేసు సముద్రములు దాటి అమ్ముడుపోవుచుండగా, ఇంటి ఆడవారు తీరిక వేళ చేయు పనియని చెప్పి వారికి బహు కొద్ది కూలి ఇచ్చుచుండిరని ఆమె చూపెను. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినది, సంతోషమే. న్యాయాధిపతులు 5:30లో సీసెరా తల్లి కిటికీయొద్ద నిలిచి, కుమారుడు దోపుడుసొమ్ముగా తెచ్చు బుటాపని వస్త్రములను లెక్కించుకొనుచున్నది. కుట్టిన చేతులు ఎవరివో ఆమె తలంపునకు రాలేదు.

ఇప్పుడు మన సంఘములో బల్లకు క్రొత్త గుడ్డ కుట్ట తలపెట్టితిమి. ప్రధానయాజకుని నిలువుటంగీ అంచునకు దానిమ్మపండ్లు కుట్టించిరి గదా (నిర్గ. 28:33), మనమును అంచున దానిమ్మలే వేయుదము. తెల్లని నూలుగుడ్డను ముందే ఉతికి ఆరవేయుడి, లేనియెడల తరువాత కుదించుకొని కుట్టు ముడుచుకొనును. ఎర్రదారమును తడిపి తెల్లగుడ్డ మడతలో నొక్కి చూడుడి. రంగు దిగినయెడల ఆ దారము వద్దు. దారము మూరెడుకు మించరాదు, పొడవైనకొలది చిక్కుపడును. పండు చుట్టు కాడకుట్టు, కిరీటమునకు గొలుసుకుట్టు, గింజలకు ముడికుట్టు. పని ఆపినప్పుడెల్ల చట్రమును తీసివేయుడి, గుడ్డపై గుండ్రని మరక నిలువకుండును.

మనసైనవారు శనివారము సాయంకాలము గుడి అరుగునకు రావచ్చును. కూలికి కుట్టువారికి పండు ఒక్కింటికి ఇంతయని ముందుగా పెద్దలు చెప్పుదురు. కానుకగా కుట్టగోరువారు తామే చెప్పవలెను, మేము అడుగము. సూది ఎవరిది వారు తెచ్చుకొనుడి. దారము సంఘపు ఖర్చు.