రైలెక్కి చూసొచ్చే ఎడ్వర్డ్ కోటలు

వేల్స్ ఉత్తర తీరం మ్యాప్ తెరిచి చూడండి. ఏడొందల ఏళ్ల నాటి కోట ఎక్కడుందో, చాలాచోట్ల రైల్వే స్టేషనూ అక్కడే ఉంటుంది. దీనికి కారణం ఉంది. ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ (పాలన 1272–1307) వేల్స్‌ని జయించాక కోటలన్నీ ఓడ చేరగలిగే చోటే కట్టించాడు. చుట్టూ ఉన్నది లొంగని జనం. కొండదారిలో ధాన్యం బండ్లు పంపితే మధ్యలోనే పోతాయి, సముద్రం మీద ఆ భయం తక్కువ. దాదాపు ఆరొందల ఏళ్ల తర్వాత రైలు పట్టాలు వేసినవాళ్లకి కూడా కొండల కంటే తీరమే సులువనిపించింది. అందుకే కారు లేకపోయినా ఈ కోటలు చూసిరావచ్చు. ఎమ్మెస్‌కి మాంచెస్టర్ వెళ్లిన మన సీనియర్లకైతే ఇంకా దగ్గర. అక్కడినుంచి చెస్టర్ మీదుగా ఉత్తర వేల్స్ వెళ్లే రైలు ఈ తీరం వెంటే నడుస్తుంది.

చెస్టర్ దాటాక మొదట వచ్చేది ఫ్లింట్. 1277లో మొదలైన కోట, స్టేషన్ నుంచి కొద్ది నిమిషాల నడక. చూడ్డానికి ఎక్కువేమీ మిగల్లేదు. సివిల్ వాళ్లు మాత్రం తర్వాత రిల్‌లో దిగి, బస్సెక్కి రిద్లాన్ వెళ్లాల్సిందే. ఓడలు కోటదాకా రావాలని అక్కడ మెలికలు తిరిగే క్లూయిడ్ నదిని రెండు మైళ్లకు పైగా తవ్వి తిన్నగా మార్చారు. జేసీబీలు లేని రోజుల్లో, పారలతో!

అసలు విందు కాన్వీలో. ఊరి స్టేషన్ పాత ప్రాకారం లోపలే ఉంది, కానీ అన్ని రైళ్లూ ఆగవు. లాన్‌డిడ్నో జంక్షన్‌లో దిగి వంతెన మీదుగా నడిచొస్తే ఇంకా మంచిది, కోట ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది. 1283లో మొదలుపెట్టి 1287కల్లా ఎనిమిది పెద్ద బురుజుల కోట, దాంతోపాటు ఊరి చుట్టూ ఒక కిలోమీటరు పైగా గోడ లేపేశారు. సుమారు 15,000 పౌండ్లు ఖర్చు, ఆ రోజుల్లో అది మామూలు డబ్బు కాదు. అంతకుముందు ఆ స్థలంలో ఒక క్రైస్తవ మఠం ఉండేది. వేల్స్ ఘనంగా చెప్పుకునే రాకుమారుడు, మొదటి లువెలిన్‌ని పాతిపెట్టింది అందులోనే. ఎడ్వర్డ్ ఆ మఠాన్ని వేరే ఊరికి తరలించి మరీ కోట కట్టాడు. స్థలం బాగుందని ఒక్కటే కారణమంటే నేను నమ్మను.

కోట పక్కనే నది మీద టెల్‌ఫర్డ్ కట్టిన వేలాడే వంతెన (1826), స్టీఫెన్‌సన్ కట్టిన ఇనుప గొట్టం వంతెన (1848) ఉన్నాయి. మన రైలు ఇప్పటికీ ఆ గొట్టంలోంచే పోతుంది.

అక్కణ్ణించి బాంగోర్ వెళ్తే రెండు బస్సులు. ఒకటి మెనై జలసంధి దాటి బ్యుమారిస్‌కి. 1295లో మొదలై, డబ్బు చాలక ఎప్పటికీ పూర్తికాని కోట అది. కోటలో కోట ఇమిడినట్టుండే ఆ ప్లాన్ సమరూపత చూస్తే డ్రాయింగ్ క్లాసు గుర్తొస్తుంది. మేస్త్రీ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్ 1296లో రాసిన లేఖ మిగిలింది: 400 మంది రాతి మేస్త్రీలు, 2,000 మంది కూలీలు, 200 మంది రాళ్లు కొట్టేవాళ్లు, 30 పడవలు... ఇంతమందికి కూలి ఇవ్వాలి, డబ్బు పంపండి మహాప్రభో అని. ప్రాజెక్టు ఆగిపోవడానికి కారణాలు అప్పుడూ ఇవే!

రెండో బస్సు కర్నార్వన్‌కి. కాన్‌స్టాంటినోపుల్ గోడల్ని గుర్తుకు తెచ్చేలా రంగు రంగుల రాతి పట్టీలు. కాన్వీ, కర్నార్వన్ ఊళ్లని ఎడ్వర్డ్ ఇంగ్లిష్ వాళ్ల కోసమే కట్టించాడు, వేల్ష్ వాళ్లని బయటే ఉంచాడు. ఇవాళ అదే కర్నార్వన్ వీధుల్లో, దుకాణాల్లో వినబడేది వేల్ష్ భాషే. బోర్డుల మీద కూడా అదే ముందు. 2011 చట్టంతో అది వేల్స్‌లో అధికార భాష కూడా అయింది.

సాహితీ క్లబ్ వాళ్లం కాబట్టి ఇంకో మాట. ఎడ్వర్డ్ వేల్ష్ కవుల్ని చంపించాడని ఒక కథ ఉంది. చరిత్రకారులకి ఆధారమేదీ దొరకలేదు. అయినా థామస్ గ్రే 1757లో దాని మీద కాన్వీ నదినే రంగస్థలం చేసి కవిత రాశాడు. తర్వాతి శతాబ్దంలో హంగేరీ కవి యానోష్ అరాన్యని చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్‌ని పొగుడుతూ రాయమంటే, ఆయన పొగడకుండా ఈ వేల్ష్ కవుల కథ రాశాడు. కథ అబద్ధమే కావచ్చు, దాన్ని వాడిన తీరు మాత్రం అద్భుతం.

కర్నార్వన్ నుంచి పోర్త్‌మాడోగ్‌కి ఆవిరి రైలుంది. టికెట్ ఖరీదెక్కువ, విద్యార్థికి బస్సు చాలు. అక్కడ మామూలు రైలెక్కితే హార్లెక్. 1294 తిరుగుబాటులో ముట్టడి పడ్డప్పుడు ఐర్లండ్ నుంచి ఓడల్లో తిండి తెచ్చి ఈ కోటని నిలబెట్టారు. తర్వాత సముద్రం వెనక్కి జరిగిపోయింది. ఒకప్పుడు నీళ్లున్న వైపున, కొండ కింద ఇప్పుడు స్టేషనుంది. ఎక్కడం మాత్రం నిటారే. ఆదివారాలు బస్సులు తక్కువ, ముందే టైమింగ్స్ చూసుకోండి.

ఓడినవాడి చోటుకీ రైలుంది. మొదటి లువెలిన్ మనవడు లువెలిన్ అప్ గ్రిఫిడ్ 1282 డిసెంబరులో కిల్మెరి దగ్గర చనిపోయాడు. తలని లండన్‌కి పంపారు. అక్కడ కోట లేదు, 1956లో నిలిపిన ఒక పొడవాటి గ్రానైటు రాయుంది. కిల్మెరి స్టేషన్‌కి రోజుకి కొన్ని రైళ్లే వస్తాయి, అవీ చెయ్యెత్తితేనే ఆగుతాయి.