వేసెక్టమీ - మగవాని మనసులోని భయం

పురుషుల కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మీద సావనీర్‌కు వ్యాసం ఇస్తానంటే హాస్టల్ మిత్రులు పకపకా నవ్వారు. ఆ నవ్వు వెనుక ఉన్న భయం గురించే నేను రాయదలచింది.

మా నారాయణఖేడ్ పల్లెల్లో ఈ మాట ఎత్తితే మగవాళ్లకు ముందు గుర్తొచ్చేది ఎద్దు. కోడెకు విత్తులు కొట్టిస్తే పొగరు చచ్చి కాడికి లొంగుతుంది. మనిషికీ అంతే అవుతుందేమోనని లోలోపల బెంగ. రైతుబిడ్డను, జంతుశాస్త్రం చదువుతున్నవాణ్ణి గనుక భేదం చెప్పగలను. కోడెకు పట్టకారుతో రక్తనాళాలనే నలగగొడతారు. నెత్తురు అందక వృషణం ఎండిపోతుంది, టెస్టోస్టిరాన్ హార్మోను కూడా పడిపోతుంది. వేసెక్టమీలో వృషణాన్ని ముట్టనే ముట్టరు. శుక్రకణాలు పోయే సన్నని వీర్యవాహికను మాత్రం కత్తిరించి మూసేస్తారు. హార్మోను ఆ గొట్టంలో నుంచి పోయేది కాదు, నేరుగా నెత్తురులో కలిసేది. కనుక గడ్డం, గొంతు, కండబలం, కోరిక ఎక్కడివక్కడే ఉంటాయి.

మరి "ఆపరేషనైన కాణ్ణుంచి శక్తి పోయింది" అనేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? నూటికి ఒకరిద్దరికి నొప్పి నిలిచిపోయే మాట నిజం. మిగతాది చాలావరకు నమ్మకం చేసే పని. 1920 ప్రాంతంలో వియన్నా శాస్త్రజ్ఞుడు స్టైనాక్, వీర్యవాహికను కట్టేస్తే ముసలివారికి యౌవనం తిరిగొస్తుందని చెప్పాడు. 1923లో ఫ్రాయిడ్, 1934లో కవి యేట్స్ చేయించుకున్నారు. యేట్స్ తనకు కొత్త ఉత్సాహం వచ్చిందనే నమ్మాడు. తర్వాత ఆ సిద్ధాంతం నిలవలేదు. అదే నాళం మీద కోత. అక్కడ బలం వచ్చిందన్నారు, మా దగ్గర బలం పోయిందంటారు!

మన దేశంలో ఈ భయానికి ఇంకో వేరుంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదిలో, 60 లక్షల పైచిలుకు మగవాళ్లకు ఈ ఆపరేషన్ చేశారు. ఎందరినో బలవంతంగా పట్టుకుపోయారు. ఇష్టంతో, భార్యతో మాట్లాడుకుని చేయించుకున్నవారిలో ఎక్కువమంది తృప్తిగానే ఉంటారు. చిన్న వయసులో, ఒకరి ఒత్తిడి మీద చేయించుకున్నవారిలోనే పశ్చాత్తాపం ఎక్కువ.

ఇక భార్య సంగతి. గర్భం భయం పోయి ఆమెకు నిశ్చింత కలగాలి. కానీ ఒక చిక్కుంది. ఆపరేషన్ కాగానే ఫలితం రాదు. మూడు నెలలు వేరే జాగ్రత్త పాటించి, వీర్యపరీక్షలో శుక్రకణాలు లేవని తేలాలి. ఇది చెప్పేవాళ్లు చెప్పక, వినేవాళ్లు వినక, ఈలోగా గర్భం వస్తే అనుమానం ఎవరి మీద పడుతుంది? తప్పు పరీక్షకు పోనివానిది, నింద ఇల్లాలిది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దంపతులలో స్త్రీకి ఆపరేషన్ జరిగినవారు నూటికి 37.9, పురుషునికి జరిగినవారు 0.3. స్త్రీకి పొట్ట తెరవాలి. మగవానికి కత్తిగాటు లేని పద్ధతి 1974లోనే చైనాలో వచ్చింది, అదే రోజు ఇంటికి రావచ్చు.

మా వదినకు రెండో కాన్పయ్యాక ఆపరేషన్ ఎవరికన్న ప్రశ్నే ఇంట్లో పుట్టలేదు. నేనడిగితే అన్న, "అరక పట్టేటోణ్ణి, నాకేమన్నయితే ఎట్లరా?" అన్నాడు. వదిన ఆ యేడు కూడా అదే చేన్లో నడుం వంచి పత్తి ఏరింది.