అలర్ట్ పెట్టే ముందు ఒక్క క్షణం ఆగండి!

కర్ణాటక సరిహద్దులోని మన హొళగుందలో కూర్చుని మొబైల్ యాప్ చెయ్యొచ్చా? బ్రహ్మాండంగా చెయ్యొచ్చు. ఫేస్‌బుక్ 2015లో రియాక్ట్ నేటివ్‌ని అందరికీ ఇచ్చేసింది. గూగుల్ 2018 డిసెంబరులో ఫ్లట్టర్ 1.0 విడుదల చేసింది. వీటిలో ఒక్కసారి కోడ్ రాస్తే ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది. టూల్స్ ఉచితం. ఇక మీరు తెచ్చుకోవాల్సింది మంచి అలవాట్లే.

చిన్నదానితో మొదలుపెడదాం. అలర్ట్ డైలాగ్. స్క్రీన్ మధ్యలో టపీమని వచ్చే ఆ పెట్టె.

అలర్ట్ అంటే ఏమిటి? ఎదుటి మనిషి చేస్తున్న పని ఆపించి, "ముందు నాకు జవాబు చెప్పు" అనడం. మాటమాటకీ అడ్డుతగిలే మనిషి పక్కన ఎవరూ కూర్చోరు. అలాంటి యాప్‌నీ ఎవరూ ఉంచుకోరు.

ఇప్పుడు మీ యూజర్‌ని చూడండి. పత్తి రైతు. 2025లో భారత పత్తి సంస్థ, అదే మన సీసీఐ, కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది. మద్దతు ధరకు అమ్మాలంటే స్లాట్ బుకింగ్ ఫోన్‌లోనే. 2025-26లో పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 12 శాతం దాటితే తీసుకోరు. పత్తి ఆరాలి, బండి దొరకాలి, స్లాట్ తేదీ కుదరాలి. అలాంటి యాప్ మీరే చేస్తున్నారనుకోండి. రైతు ఎండలో ట్రాక్టర్ పక్కన నిలబడి బొటనవేలితో నొక్కుతున్నాడు. మీ అలర్ట్ ఇలా వచ్చింది:

"స్లాట్ రద్దు చేయాలా?"
కింద రెండు బటన్లు: "రద్దు", "సరే".

ఏది నొక్కితే స్లాట్ నిలుస్తుంది? రాసిన మీకే తికమక! దీన్ని ఇలా మార్చండి:

"12వ తేదీ స్లాట్ వదులుకుంటారా?"
బటన్లు: "స్లాట్ ఉంచు", "స్లాట్ వదులు".

పైన ఉన్న మెసేజ్ చదవకపోయినా బటన్ చూడగానే పని తెలియాలి. ఎందుకంటే మెసేజ్ ఎవరూ చదవరు. పల్లెల్లోనే కాదు, హైదరాబాద్‌లోనూ చదవరు లెండి.

ఈ వారం నుంచే ఈ అలవాట్లు పట్టండి.

1. కోడ్ కంటే ముందు బటన్ మాటలు కాగితం మీద రాయండి. బటన్‌కి మాట దొరకలేదా? అయితే మీరు అడిగే ప్రశ్నే మీకు స్పష్టంగా లేదు.

2. "సేవ్ అయింది" అని చెప్పడానికి అలర్ట్ వద్దు. కింద మెరిసి పోయే స్నాక్‌బార్ చాలు.

3. జవాబు రాకపోతే "సరే" అన్నట్టు కాదు. ఇది గట్టిగా పట్టుకోండి. ఫ్లట్టర్‌లో మామూలు షో డైలాగ్ వాడితే, పెట్టె బయట తాకినా మూసుకుపోతుంది. అప్పుడు మీ కోడ్‌కి వచ్చేది నల్. దాన్ని "వద్దు" కిందే లెక్కకట్టండి. అదే షో కుపర్టినో డైలాగ్ అయితే బయట తాకినా కదలదు. రియాక్ట్ నేటివ్‌లో ఆండ్రాయిడ్ అలర్ట్ కూడా, మీరు అనుమతిస్తే తప్ప, బయట తాకితే మూసుకోదు. ఏది ఎలా ఉండాలో డిఫాల్ట్‌కి వదిలెయ్యకండి. నిర్ణయం మీది. ఇంకో మాట: జవాబు కోసం అవెయిట్ చేస్తుండగా యూజర్ ఆ స్క్రీన్ దాటిపోయి ఉండొచ్చు. ఫ్లట్టర్‌లో అయితే కాంటెక్స్ట్ మౌంటెడ్ అయి ఉందో లేదో చూశాకే ముందుకెళ్లండి.

4. రెండు రకాల ఫోన్లలోనూ చూడండి. రియాక్ట్ నేటివ్ అలర్ట్‌లో ఐఫోన్ ఎన్ని బటన్లయినా ఒప్పుకుంటుంది, ఆండ్రాయిడ్ మూడు దాటనివ్వదు. మూడే ఎక్కువ అంటాను నేను. ఫాంట్ సైజు బాగా పెంచి కూడా చూడండి. తెలుగులో వత్తులు కిందికి దిగుతాయి, బటన్ మాట రెండు లైన్లవుతుంది.

మరొకటి. మనది కర్ణాటక సరిహద్దు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ మాట్లాడేవాళ్లు ఎందరో. డైలాగ్ మాటలన్నీ మొదటి రోజు నుంచే వేరే ఫైల్‌లో పెట్టండి. రేపు కన్నడ చేర్చడానికి కోడ్ తిరగెయ్యక్కర్లేదు.

ఈ రాత్రికి హోంవర్క్. మీ డైలాగ్ పెట్టిన యాప్ తెరిచి, ఫోన్ మీ ఇంట్లో పెద్దవాళ్ల చేతికివ్వండి. "స్లాట్ వదిలెయ్యండి" అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. సాయం చెయ్యాలని చెయ్యి దురద పెడుతుంది, చెయ్యకండి. వేలు ఏ బటన్ దగ్గర తడబడిందో రాసుకుని, పొద్దున్నే దాని పేరు మార్చండి.